బజ్జీ కాగితంలో రాణి

"నాలుగు గంటలకు ఆ పిల్ల బతుకు బజారున పడుతుంది," అన్నాడు శ్రీరామమూర్తి. "ఇప్పుడు మూడు."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం పైన ఉంది ఆ గది. బయట డ్రైవింగ్ స్కూల్ అని బోర్డు. లోపల ఎవరూ ఎన్నడూ స్టీరింగ్ పట్టిన పాపాన పోలేదు. అది రహస్య విభాగం ఆఫీసు. శ్రీరామమూర్తి దాని చీఫ్. ఎదురుగా నిలబడ్డది ఏజెంట్ జోస్నా.

అది 2011 అక్టోబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోలు దాటడం లేదు. బొగ్గు రాక కరెంటు కోతలు.

"టార్గెట్ గీత. పంతొమ్మిదేళ్ళు. మీర్‌పేట్. తండ్రి సీతారాములు రక్షణ ల్యాబ్‌లో స్టోర్ కీపర్. విదేశీ ముఠాకి ఆయన గేట్ పాస్ ఫోటో కావాలి. గీత తెచ్చివ్వకపోతే ఆమె పేరు, ఇంటి నంబరు, కాలేజీ, ఫోన్ నంబరు అన్నీ ఆట ఫోరమ్‌లో పెడతారట. అందులో తొమ్మిది వేల మంది ఉన్నారమ్మా."

ఆ ముఠా ఆన్‌లైన్‌లో ఒక తుపాకుల ఆట నడుపుతోంది. నాలుగు నెలలుగా జోస్నా 'తూటా' అనే మారుపేరుతో అందులో ఆడుతోంది. 'మిణుగురు' పేరుతో ఆడే గీత ఎన్నిసార్లు అడ్డం పడి ఆమెను కాపాడిందో లెక్కలేదు. పోయిన నెల ఇంకో పిల్ల వివరాలు ఇలాగే బయట పెట్టారు. వారం తిరక్కముందే ఇంటి ముందు బండ్లు, ఫోన్ నిండా బూతులు. తండ్రి ఆ పిల్ల కాలేజీ మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాడు. చేసిన దొంగలు బాగానే ఉన్నారు, శిక్ష మాత్రం ఆడపిల్లకు పడింది. అది తలుచుకుంటే జోస్నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

"గీత ఆటల ఎన్నడూ అసలు పేరు చెప్పలే సార్. మిణుగురు ఎవరో వాళ్ళకెట్ల తెలిసింది?"

"అదే అంతుచిక్కట్లేదు. లీనా వస్తోంది, అడుగుదాం."

తలుపు చప్పుడైంది. "కర్మన్‌ఘాట్‌లో వాన పడిందా?" అడిగాడు చీఫ్.

"పడింది. గొడుగు ఆరబెట్టి వచ్చానండీ," అంది బయటి గొంతు. కోడ్ సరిపోయింది.

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత లీనా వచ్చింది. నల్ల గాగుల్స్, ఎర్ర గోళ్ళు. ముఠాలో ఉంటూనే విభాగానికి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఆమెను తెచ్చింది చీఫే. ఎక్కడినుంచి తెచ్చాడో ఎవరికీ చెప్పలేదు.

"అప్‌లోడ్ చేసేది ముఠా నాయకురాలేనండీ. ఆటలో ఆమె పేరు రాణి. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో కూర్చుంటుంది. మొహం మాత్రం నేనెప్పుడూ చూడలేదు."

"వెళ్ళమ్మా జోస్నా," అన్నాడు చీఫ్, చూపు లీనా మీదే ఉంచి.

జోస్నా కిందికి దిగింది. ఉన్న ఆటోలన్నీ క్రిక్కిరిసి పోతున్నాయి. అరగంట చెయ్యి ఊపినా ఒక్కడూ ఆపలేదు. ఈలోగా లీనా కూడా మెట్లు దిగి వెళ్ళిపోయింది. పొద్దుటినుంచి తిండి లేదు, కడుపులో మంట వేరే. పక్కనే అండాలమ్మ బండి మీద మిర్చి బజ్జీలు వేగుతున్నాయి.

"అవ్వా, జల్ది నాలుగియ్యి."

వేడివేడి పొట్లం చేతికొచ్చింది. మొదటి బజ్జీ కొరుకుతూ కాగితం వైపు చూసిన జోస్నా నమలడం మానేసింది. అదొక ఓటర్ కార్డు జిరాక్సు. నూనె మరకల మధ్య లీనా మొహం! పేరు మాత్రం వేరే. కింద నీలం పెన్నుతో గుండ్రని అక్షరాలు: క్యాబిన్ 6, ఆట పేరు రాణి, రోజూ 4 గంటలకు.

"అవ్వా, గీ కాగితాలు నీకేడియి?"

"సందుల మట్టయ్య నెట్ సెంటర్ లేదా, ఆడియి బిడ్డా. ఆటకొచ్చెటోళ్ళు కార్డుల జిరాక్సులు ఇస్తరు గదా. పెట్టె నిండితే నాకు పంపుతడు. ఒక గాగుల్స్ పిల్ల గూడ మొన్న రెండు కట్టలు అడిగి తీస్కపోయింది. ఏం జేస్కుంటదో!"

ఏం చేసుకుంటుందో జోస్నాకు తెలిసిపోయింది. నెట్ సెంటర్‌కు వచ్చినవాళ్ళ కార్డు జిరాక్సు తీసుకోవాలన్నది రూలు. ఒకరి గేమ్ ఇంకొకరికి కలవకుండా దాని మీదే ఆట పేరు రాయడం మట్టయ్య సొంత పద్ధతి. ఛీ! గీత కూడా ఇక్కడికొచ్చే ఆడేదన్నమాట. ఆ పిల్ల నోరు మెదపకుండా ఆడింది, పేరు దాచుకుంది, ఫోటో పెట్టలేదు. ఇంత జాగ్రత్త పడితే ఆమె ఇంటి నంబరు బజ్జీల బండి మీద దొరుకుతుందా? తాళం వేయాల్సిన కాగితాలు చట్నీలో నానుతుంటే ముఠాకి గూఢచారులెందుకు, ఆకలేస్తే చాలు! తన కాగితం కూడా అదే పెట్టెలో పడుతుందన్న సోయి రాణికి లేకపోయింది.

మూడు యాభై రెండు. జోస్నా సందులోకి పరుగెత్తింది.

మట్టయ్య నెట్ సెంటర్ షటర్ సగం దించి ఉంది. సమ్మె రోజుల్లో వ్యాపారం అలాగే నడుస్తుంది. కరెంటు లేదు, కంప్యూటర్లు ఇన్వర్టర్ మీద నడుస్తున్నాయి. వంగి లోపలికి దూరి, ఆరో క్యాబిన్ ప్లైవుడ్ తలుపును ఒక్క తన్ను తన్నింది. గడియ ఊడింది.

లీనా ఉలిక్కిపడలేదు. చేతిలోని లిప్‌స్టిక్ మూత తిప్పింది. సన్నటి గొట్టం బయటికొచ్చింది. ఒకే గుండు పట్టే పిస్తోలు.

"ఎల్బీనగర్ అని చెప్పాను కదా?"

స్క్రీన్ మీద గీత ఫోటో. కింద అప్‌లోడ్ పట్టీ పాకుతోంది. తొంభై ఒక్క శాతం.

"ఆపు. దాని బతుకు నాశనమైతది."

"కరెంటు పోతుందని ఆశపడుతున్నావా? ఇన్వర్టర్ గంటసేపు లాగుతుంది. నాకు ఒక్క నిమిషం చాలు. గేట్ పాస్ ఇవ్వనిది ఆ పిల్ల. నేనేం చెయ్యను?"

తొంభై అయిదు. జోస్నా చేతులు పైకెత్తింది. గొంతు మాత్రం ఎత్తగలిగినంత ఎత్తింది.

"మట్టన్నా! ర్యాలీ ఒచ్చింది! షటర్ దించూ!"

లీనాకు పిస్తోళ్ళు తెలుసు, పాస్‌వర్డ్‌లు తెలుసు. సమ్మెలో దిల్‌సుఖ్‌నగర్ దుకాణదారు చెయ్యి ఎలా పనిచేస్తుందో తెలియదు. ఆ కేక చెవిన పడితే మట్టయ్య ఆలోచించడు. షటర్ ధడాలున కిందికి లాగాడు. లోపల లైటు కనబడితే తెరిచి ఉందని రాయి పడుతుందని ఇన్వర్టర్ కూడా టక్కున కట్టేశాడు.

తొంభై తొమ్మిది దగ్గర స్క్రీన్ ఆరిపోయింది.

చీకట్లో పిస్తోలు పేలింది. గుండు ప్లైవుడ్‌లో దిగింది. జోస్నా ఆ మణికట్టు దొరకబుచ్చుకుని మెలితిప్పింది. లీనా కెవ్వుమంది. మట్టయ్య ఫోన్ లైటు వేసుకుని వచ్చేసరికి రాణి బేడీలతో నేల మీద కూర్చుని ఉంది. ఆమె పెన్‌డ్రైవ్ జోస్నా గుప్పిట్లో ఉంది.

"ర్యాలీ ఏదక్కా?" అన్నాడు షటర్ వైపు చూస్తూ.

"నేనే. ఒక్కదాన్నే ఒచ్చిన. సిగ్గుందా మట్టన్నా? ఊళ్ళె పిల్లల ఇంటి నంబర్లు బజ్జీలకు పంపుతవా? నీ బిడ్డ కార్డైతే గట్లనే పారేస్తుంటివా?"

మట్టయ్య తల వంచుకున్నాడు. జోస్నా ఫోన్ తీసి గీతకు కలిపింది.

"ఏం బయటికి పోలే గీతా. నేను తూటాను."

అటునుంచి ముందు ఏడుపే వినిపించింది. "నాది తప్పా అక్కా? నేనెవ్వలకు చెప్పలే. దేవుని మీద ఒట్టు."

"నీ తప్పు ఇసుమంత గూడ లేదు. మీ నాయినకు నువ్వే చెప్పు. నేనొచ్చి పక్కన కూసుంట. కాలేజీ బందు పెడితే నాతోని కొట్లాటే అని జెప్పు."

గీత ముక్కు చీదుకుంది. "వారం బట్టి ఆటకు రాలే అక్కా. మనోళ్ళు ఓడిపోతున్నరా?"

జోస్నాకు ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

సాయంత్రం అండాలమ్మ దగ్గర మిగిలిన కట్టలన్నీ మోసుకొచ్చి చీఫ్ బల్ల మీద ధబ్బున పడేసింది. శ్రీరామమూర్తి మొహం పాలిపోయి ఉంది.

"ఎంత మోసం! అసలు మన విభాగం గుట్టు ఆమెకెలా తెలిసింది?"

జోస్నా ఒక కాగితం ముందుకు జరిపింది. డ్రైవింగ్ లైసెన్సు జిరాక్సు. ఫోటోలో ఆయనే. కింద మట్టయ్య గుండ్రని అక్షరాలు: క్యాబిన్ 5, ఆట పేరు లవర్‌బాయ్54.

రాణి క్యాబిన్‌కు పక్కదే. చీఫ్ గబుక్కున కాగితం బోర్లించాడు.

"పరేషాన్ గాకుర్రి సార్," అంది జోస్నా, కాగితం మడిచి కేసు ఫైల్‌లో పెట్టి బీరువాకు తాళం వేస్తూ. "నేనైతే దీంట్ల బజ్జీలు కట్టియ్య."