మేనమామ పెట్టిన ఫ్లెక్సీ

ఏన్కూరులో విత్తనాల దుకాణం నడిపే ఉదయ్ భాస్కర్‌కు ఎదురు చెప్పేవాళ్లు ఊళ్లో తక్కువ. అలాంటి మనిషిని నిండు సభలో నిలబెట్టి కడిగేసింది జూలూరుపాడు తండా నుంచి వచ్చే సువర్ణ టీచర్.

ఆ రోజు హైస్కూల్లో పేరెంట్స్ మీటింగ్. బయట వాన దంచుతోంది. అక్క సాహిత్య ఖమ్మం దవాఖానాలో నర్సు కావడంతో ఆమె కూతురు మనోజ్ఞ ఇక్కడ అమ్మమ్మ భారతమ్మ దగ్గర పెరుగుతోంది. అందుకని ప్రతి మీటింగుకూ మేనమామే హాజరు. పిల్లల చేతిలో ఫోన్లతో వచ్చే ముప్పుల గురించి టీచర్ చెబుతుంటే ఉదయ్ మీసం మీద చెయ్యి వేసుకుని, మా పిల్లకు సొంత ఫోనే లేదు, చదువుకోవాలంటే అమ్మమ్మ ఫోనే దిక్కు అని గొప్పగా చెప్పాడు.

“మంచిదే సార్. మరి మీ ఫోన్ల ఏమున్నదో చూపిస్తరా?” అన్నది సువర్ణ.

చూపించాడు. ఈ మధ్యే మనోజ్ఞకు ఓణీల ఫంక్షన్ చేశారు. ఆచారం ప్రకారం పట్టు ఓణీ తెచ్చింది మేనమామే. సెంటర్లో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించి, దాన్ని ఫొటో తీసి, లోకమంతా చూసేలా నెట్లో పెట్టిందీ ఆయనగారే. పిల్ల పేరు, బడి, తరగతి, అమ్మమ్మ ఫోన్ నంబరు అన్నీ అందులో ఉన్నాయి.

“పిల్లకు ఫోన్ ఇయ్యలేదు సరే. పిల్లనే అందరి ఫోన్లల్ల పెట్టిండ్రు గద సార్.”

సభంతా గొల్లున నవ్వింది. ఉదయ్ ముఖం కందగడ్డయింది. మా పిల్ల, మా మురిపెం, మధ్యలో మీకేంటని విసురుగా లేచి వానలోనే బండి తీశాడు. ఇంటికి చేరేదాకా టీచర్ని తిట్టుకున్నాడు. చేరాక చూస్తే కళ్ల ముందు ఆవిడ కళ్లే. అదేం విడ్డూరమో అతనికే అర్థం కాలేదు.

మర్నాటి నుంచి మనోజ్ఞను బడి దగ్గర దింపడం అతనికి మహా ముఖ్యమైన పనైపోయింది. బడికెళ్లేది తనైతే ఇస్త్రీ చొక్కా మామయ్యకెందుకని ఆ పిల్ల ఆటపట్టించేది. గేటు దగ్గర సువర్ణ ఆ ఫొటో తీసేశారా అని అడిగేది. తీయలేదని పంతంగా అనేవాడు. ఆమె నవ్వాపుకుని లోపలికి వెళ్లిపోయేది.

అంతలో మనోజ్ఞ అన్నం మానేసింది. పిల్ల ముఖాన నెత్తురు చుక్క లేదు. భారతమ్మ దిష్టి తీసింది. అమ్మమ్మ ఫోన్ మోగితే చాలు మనోజ్ఞ ఉలిక్కిపడటం ఉదయ్ గమనించాడు. లాక్కుని చూద్దామనుకున్నాడు. కానీ మీటింగులో టీచర్ అన్న మాట ఒకటి చెవిలో మిగిలిపోయింది. ఫోన్ లాక్కుంటారని, బడి మాన్పిస్తారని భయపడే పిల్లలు నోరు విప్పరట. వెళ్లి పక్కన కూర్చున్నాడు.

“మనూ, ఏం జరిగినా నిన్ను తిట్టను. బడి మాన్పించను. చెప్పమ్మా.”

పిల్ల భోరుమంది. ఫంక్షన్ ఫొటోగ్రాఫర్ చెల్లెల్నంటూ ఎవరో మెసేజ్ పెట్టారట. ఫంక్షన్ సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబితే నమ్మింది. తర్వాత ఇంకా ఫొటోలు పంపమన్నారు. పంపకపోతే ఓణీ ఫొటోనే పాడుగా మార్చి ఊరంతా పంచుతామన్నారు.

ఉదయ్ పంతం గట్టున పెట్టి మొదటి ఫోన్ సువర్ణకు చేశాడు. ఆమె వానలో తడుస్తూ స్కూటీ మీద వచ్చింది. ఏదీ చెరపొద్దంది, జవాబివ్వొద్దంది, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయించింది. ఇక పోలీస్ స్టేషన్‌కు పోదామంది. భారతమ్మ అడ్డం పడింది. పరువు పోతుంది, గుట్టుగా పిల్లను బడి మాన్పిద్దామని పట్టుబట్టింది. మనోజ్ఞ మేనమామ చెయ్యి వదల్లేదు.

“తప్పు పిల్లది కాదమ్మా. మురిపెంకొద్దీ వాకిలి తెరిచిపెట్టింది నేను. పిల్ల బడికి పోతది, నేను స్టేషన్‌కు పోత” అన్నాడు ఉదయ్.

సువర్ణ అతన్ని అలా చూడటం అదే మొదటిసారి. ఆ చూపుకి, అంత కంగారులోనూ, అతనికి ధైర్యం వచ్చింది.

పోలీసులు ఆ మనిషిని పట్టుకున్నారు; నెట్లో ఆ ఫ్లెక్సీ చూసి నంబరు తీసుకున్న పరాయివాడు. ఏ ఫొటో బయటికి రాలేదు. ఫిర్యాదు ఇచ్చిన రోజే ఉదయ్ నెట్లోని ఆ ఫ్లెక్సీ బొమ్మను తీసేశాడు.

తర్వాతి మీటింగులో మనోజ్ఞ తనే లేచి నిలబడింది.

“నేను మస్తు భయపడ్డ. మా మామయ్య తిట్టలె, అందుకే చెప్పగలిగిన. మీరు గూడ మీ పిల్లల్ని తిట్టకుండ్రి.”

చప్పట్లు మోగాయి. ఉదయ్ ఛాతీ ఉప్పొంగింది. మా మనవరాలేనని భారతమ్మ అటూ ఇటూ ఉన్నవాళ్లందరికీ చెప్పి కళ్లొత్తుకుంది. ఆ తర్వాత తిన్నగా సువర్ణ దగ్గరికి నడిచింది. కులం పట్టింపు గట్టిగా ఉన్న మనిషి, జూలూరుపాడు తండా పిల్ల చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“ఆదివారం మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా అమ్మా? మావాడు నీ మాటెత్తకుండా అన్నం తినడం లేదు. పిల్లనిమ్మని ఆయన్ని నేనే అడుగుతాను.”

“మా బాపు ఉంటడమ్మా. కానీ మీ కొడుకు నన్నైతే ఇంకా అడగలె.”

అందరూ ఉదయ్ వైపు తిరిగారు. ఊళ్లో నోరున్న మనిషి ఇస్త్రీ చొక్కా సర్దుకుంటూ నిలబడ్డాడు. మనోజ్ఞ వెనక నుంచి ఒక్క తోపు తోసింది.

“భయమైనప్పుడు నేను మొదలు నీకే చెప్పుకున్న” అన్నాడు, మేడం అనడం మరిచిపోయి. “ఇగ మీద గూడ నీకే చెప్పుకోవాలని ఉంది. నన్ను చేసుకుంటవా సువర్ణా?”

“అవ్, చేసుకుంట” అన్నది సువర్ణ, తల దించుకోకుండా, హాలు చివర నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా.