దిగువ వీధి బాటిల్

మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కోగానే చౌడేశ్వరి క్లాసులోకి పరిగెత్తింది. కిటికీ గట్టు మీద, నీళ్లు పరీక్ష చేయడానికి టీచర్ ఇచ్చిన రెండు చిన్న బాటిళ్లున్నాయి. ఒకదాంట్లో ఎగువ వీధి కొళాయి నీళ్లు. అవి నిన్న గిరి పట్టి తెచ్చినవి. రెండోదాంట్లో దిగువ వీధి నీళ్లు. అవి చౌడేశ్వరి తెచ్చినవి.

గిరి బాటిల్ కాటుకలాగా నల్లబడిపోయింది. చౌడేశ్వరి బాటిల్ మాత్రం తళతళలాడుతోంది.

"నల్లగైతే నీళ్లలో క్రిములున్నట్టని టీచర్ చెప్పింది కదా," అంది చౌడేశ్వరి. "మీ వీధి నీళ్లు చెడ్డవి. మావి తేనె."

"ట్యాంకు ఒకటే కదమ్మే," అన్నాడు గిరి ముఖం మాడ్చుకుని.

"పైపులు వేరే."

"టీచర్ రానీ. మీటింగని అనంతపురం పోయింది. రేపొచ్చి చూసి చెప్తాది."

రేపటిదాకా ఆగితే ఆమె చౌడేశ్వరి ఎందుకవుతుంది? బడి వదలగానే దిగువ వీధి కొళాయి దగ్గర బిందెలతో నిలబడిన ఆడవాళ్లందరికీ మన నీళ్లు తేనె అని దండోరా వేసినట్టు చెప్పేసింది. ఆ గుంపులో జయంతక్క కూడా ఉంది. ఆమె చంకలో ఎనిమిది నెలల పాప. పాపకు పట్టే నీళ్లను జయంతక్క రోజూ కాగబెట్టి చల్లార్చేది.

"నిజంగానే మంచివా?" అని అడిగింది జయంతక్క.

"పరీక్ష చేసినాం అక్కా. బాటిల్ మా బడిలోనే ఉండాది."

"మంచిమాట చెప్పినావు తల్లీ. గ్యాస్ కూడా అయిపోవస్తాండాది. ఇంక కాగబెట్టే పని లేదు."

ఆ సాయంత్రం చౌడేశ్వరి కాళ్లు నేల మీద నిలవలేదు.

మరుసటి రోజు పొద్దున ఇంద్రాణి టీచర్ రాగానే బాటిళ్లు చూసింది. గిరి బాటిల్ చూసి తల పంకించింది. చౌడేశ్వరి బాటిల్‌ను మాత్రం వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"బాటిల్‌లో ఉండే మందుపొడి కలిస్తే, నీళ్లు మంచివైనా కొంచెం పలచటి టీ రంగు రావాల. ఇవేంది, కొళాయి కింద పట్టినవి పట్టినట్టే ఉండాయి?" అంది. బాటిల్ కింద పెట్టి, "ఈ బాటిల్‌లో మందు వేయడం బాటిల్ చేసిన కంపెనీవాళ్లు మర్చిపోయినట్టుండారు. దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు. సోమవారం ఇంకోటి పెడదాం," అంది.

బాటిల్ అడుగున గోధుమరంగు పొడి ఉన్న సంగతి చౌడేశ్వరికి బాగా గుర్తుంది. దుమ్ము అనుకుంది. కడగని చెంబులో నీళ్లు పడితే వాళ్ల అవ్వ ఊరుకోదు. అందుకే బాటిల్‌ను రెండుసార్లు శుభ్రంగా కడిగి, ఆ నీళ్లు వృథా చేయకుండా కరివేపాకు మొక్కకు పోసి, ఆ తర్వాతే మంచినీళ్లు పట్టింది. మరి టీచర్ ముందే చెప్పలేదా? చెప్పింది. టీచర్ మందు గురించి చెప్తున్నప్పుడు, గిరి బాటిల్ తనదానికన్నా పెద్దదేమోనని ఈ అమ్మాయి కొలుచుకుంటూ కూర్చుంది.

తప్పు కంపెనీవాళ్ల మీదికి పోయింది. తేలు కుట్టిన దొంగలాగా గమ్మునుంటే ఎవరికీ తెలీదు. సోమవారం ఇంకో బాటిల్ పెడతారు, అంతే. చౌడేశ్వరి లెక్కల పుస్తకం తీసింది. కానీ ఒక్క అంకె తలకెక్కితే కదా. సోమవారం దాకా జయంతక్క పాపకు ఏ నీళ్లు పడుతుంది?

లేచి నిలబడింది.

"టీచర్, కంపెనీవాళ్లు కాదు. నేనే కడిగేసినా. దుమ్మనుకున్నా."

క్లాసు గొల్లుమంది. టీచర్ చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

"అడిగుంటే చెప్పేదాన్ని కదమ్మా," అంది.

"ఇంకోటుండాది టీచర్. నీళ్లు మంచివని వీధిలో అందరికీ చెప్పినా. జయంతక్క పాపకు కాగబెట్టడం మానేసింది."

"అయితే ఇప్పుడే పో. గిరీ, నువ్వూ తోడు పో."

ఇద్దరూ ఒక్క పరుగున వెళ్లారు. జయంతక్క అరుగు మీద పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని, గ్లాసులో స్పూను ముంచుతోంది.

"పట్టొద్దక్కా," అంది చౌడేశ్వరి రొప్పుతూ. "ఆ బాటిల్ లెక్కలోకి రాదు. మందంతా నేనే కడిగేసినా."

"నిన్న నువ్వే కదమ్మే, తేనె అంటివి?"

చౌడేశ్వరికి తలెత్తబుద్ధి కాలేదు. అయినా ఎత్తింది. "తెలీకుండా చెప్పినా అక్కా. మంచివో చెడ్డవో నాకింకా తెలీదు. కాగబెట్టే పట్టు."

జయంతక్క గ్లాసులో నీళ్లు పారబోసి లోపలికి వెళ్లి స్టవ్ వెలిగించింది. పక్కింటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఊరుకుంటుందా? "కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమే పిల్లా," అంది.

"తీసుకుంటాండాం కదవ్వా, ఇల్లిల్లూ తిరిగి," అన్నాడు గిరి. ఎగువ వీధి వాడు తన తరఫున మాట్లాడతాడని చౌడేశ్వరి అనుకోలేదు. దిగువ వీధిలో ఒక్క గడప కూడా వదలకుండా ఇద్దరూ చెప్పి వచ్చారు.

సోమవారం పెట్టిన కొత్త బాటిల్ మరుసటి రోజుకు నల్లబడింది, గిరి దానికన్నా నల్లగా. టీచర్ వెంటనే పంచాయతీకి ఫోన్ చేసింది. నీళ్లు వదిలే ఓబులేష్ ట్యాంకెక్కి చూస్తే అడుగున బురద, చచ్చిన తొండ. రెండు రోజులు తంటాలు పడి ట్యాంకు కడిగి, బ్లీచింగ్ కలిపి నీళ్లు వదిలాడు.

"ఇంక భయం లేదు, దర్జాగా తాగండి," అన్నాడు ఓబులేష్ కొళాయి తిప్పుతూ.

ఆడవాళ్లు బిందెలు ముందుకు జరిపారు. జయంతక్క మాత్రం ఓబులేష్ వైపు చూడలేదు. బాటిల్ పట్టుకుని నిలబడిన చౌడేశ్వరి వైపు చూసింది.

"ఏమ్మే, ఇంక కాగబెట్టేది ఆపేదా?"

అందరూ తన నోటి వైపే చూస్తున్నారు. సరేనంటే అందరికీ సంతోషమే.

"ఇప్పుడే వద్దక్కా," అంది చౌడేశ్వరి. "బాటిల్ ఇప్పుడే పడతాండా. రేపు టీచర్‌కు చూపిచ్చి, ఆమె చెప్పినంక నీకు చెప్తా."

"సరే, నువ్వు చెప్పేదాకా స్టవ్ వెలిగిస్తానే ఉంటా," అంది జయంతక్క, బిందె చంకకెత్తుకుంటూ.