తిప్పిందెవరు?

వానాకాలం భివండిలో మధ్యాహ్నమే పొద్దుగూకినట్టు ఉంటుంది. అక్కడి ఒక ఆసుపత్రి ఐసీయూకి కిటికీలు లేవు. పక్కనున్న టెంఘర్ వాడలో బట్ట నేసే సాంచెల చప్పుడు మాత్రం గోడల్లోంచి సన్నగా వస్తూనే ఉంటుంది. సాంచెల ఇంట్లో పుట్టిన నర్సు అనురాధకు అది వినబడనంత అలవాటు.

కొత్తగా వచ్చిన డాక్టర్ శ్రద్ధ ఒకటే పట్టు పట్టింది. కదలలేని రోగులను మాటిమాటికీ పక్కకు తిప్పాలి, వీపు పుండు పడకూడదు. ఆ పట్టుకు కారణం ఆగమ్మ. పక్షవాతంతో వచ్చిన ఆ ముసలామె, వీపంతా పుండై, చీము ఒంటికెక్కి, పోయిన వారమే చనిపోయింది. "బిడ్డా, జర పక్కకు తిప్పవా..." అని అడిగినప్పుడల్లా అనురాధ "వస్తున్న అవ్వా" అనేది. ఫోనులోంచి తలెత్తేది కాదు.

"కనుకయ్యను తిప్పినవా?" గుమ్మంలోంచి శ్రద్ధ అడిగింది.

"తిప్పిన మేడం."

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! డాక్టరు అటు వెళ్లగానే అనురాధకు తన మీద తనకే రోత పుట్టింది. ఇప్పుడైనా తిప్పుదామని లేచింది.

మంచం దగ్గర ఆగిపోయింది.

కనుకయ్య అప్పటికే ఒత్తిగిలి ఉన్నాడు. మోకాళ్ల మధ్య దిండు. దుప్పటికి ఒక్క ముడత లేదు.

"మౌశీ, నువ్వు తిప్పినవా?"

నేల తుడుస్తున్న ఆయా యమునాబాయి అడ్డంగా తల ఊపింది.

అప్పుడు వచ్చింది వాసన. ఫినాయిల్ అడుగున... కుళ్లిన పుండు వాసన. వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూసింది. అవతలి రోగి కూడా పక్కకు తిరిగి ఉంది. ఆ పక్కవాడూ అంతే. స్పృహ లేని ముఖాలన్నీ... తన వైపే.

చెవి పక్కన చల్లటి ఊపిరి.

"నువ్వు రాకపోతివి గదా, బిడ్డా..."

ఆ గొంతులో కోపం లేదు. అనురాధకు అదే భరించరానిదైంది. బయటికి ఉరికి శ్రద్ధ చేయి పట్టుకుంది.

"నేను తిప్పలే మేడం. ఆగమ్మను గూడ... ఎన్నడు తిప్పలే."

శ్రద్ధ నిర్ఘాంతపోయి చూసింది. అద్దం తలుపు దగ్గర నిలబడ్డ కనుకయ్య భార్య పోచమ్మ కల్పించుకుంది.

"మరి గా ముసలవ్వ ఎవరమ్మా? మా ఆయినను పసిపిల్లగాని లెక్క తిప్పింది. గని... ఈపు గోడకు ఆనిచ్చుకొనే ఎందుకు నడుస్తది?"

అనురాధ అద్దంలోంచి చూసింది. తెల్లటి గోడ మీద పసుపుపచ్చటి తడి చార. మంచం నుంచి మంచానికి సాగి, తాను కూర్చునే కుర్చీ వెనక ఆగింది.

అక్కడ అది ఇంకా చిక్కగా కిందికి కారుతోంది...