నిషిత తాగని నీళ్లు

రాజవ్వ నీళ్ల చెంబు చేతికిస్తే నిషిత తీసుకుంది. తాగలేదు. మెల్లగా చేను గట్టు మీద పెట్టేసింది.

రాజవ్వ ముఖం చిన్నబోయింది. ఇంటికి వెళ్లిపోయింది. ఆమె కొడుకు ప్రవీణ్‌కు ఒళ్లు మండింది. గడ్డపోతారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, నిద్ర మానుకుని మరీ ఈ సర్వే అమ్మాయి కోసం చేనంతా ఇనుప చువ్వలు దిగగొడుతున్నాడాయె. ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు, ఆ అమ్మాయికి తప్ప.

"ఏంది మేడం, మా ఇంటి నీళ్లు తాగితే నామోషీనా? నిన్నటిదాక తాగిండ్రు గదా."

"నామోషీ కాదు. ఆ చువ్వ ముట్టుకోకుండ్రి, కరెంటుంది."

"మాట మార్చకుండ్రి."

నిషిత లాప్‌టాప్ అతని వైపు తిప్పింది. భూమిలోకి కొంచెం కరెంటు పంపి, అది ఎంత సులువుగా పారుతుందో కొలవడం ఆమె పని. రసాయనాలు కలిసిన నీళ్లుంటే జోరుగా పారుతుంది. అలాంటి చోటును చూపే నీలిరంగు మరక ఒకటి తెర మీద, ఫ్యాక్టరీ గోడ వెనక వ్యర్థాలు పోసిన గుంత దగ్గర మొదలై, చేను కిందుగా రాజవ్వ బోరు దాకా సాగింది.

ప్రవీణ్ కోపమంతా దిగిపోయింది.

"పక్కానా?"

"బంకమట్టి ఉన్నా గిట్లనే కనబడొచ్చు. నీళ్లు ల్యాబ్‌కు పంపిన. రిజల్ట్ వచ్చేదాక అనుమానమే. కానీ అనుమానం వచ్చినంక ఎట్ల తాగుత?"

"రిపోర్టుల రాయకుండ్రి. మా అమ్మ ఆకుకూరలు ఎవ్వరు కొనరు. ఆ బోరంటే ఆమెకు పానం."

"రాయకుంటే మీరు నాతోని మంచిగ మాట్లాడ్తరు. నాకు అదే కావాలె." నిషిత కళ్లు దించుకుంది. "కానీ మీరిద్దరు రోజూ అవే నీళ్లు తాగుతుంటే నేను బీరంగూడల మా ఇంట్ల ఎట్ల నిద్రపోవాలె?"

ఇన్నాళ్లూ అతను ఎదురుచూసిన మాట అదే. ఇలాంటప్పుడు వినాల్సి వస్తుందనుకోలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. వెళ్లి బోరు స్టార్టర్ బంద్ చేసి, ఇంటికి నడిచాడు.

రాజవ్వ కొత్తిమీర కట్టలు కడుతూ కొడుకు చెప్పిందంతా విన్నది. చేతులు ఆగిపోయాయి. బోరు గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు.

"అయ్యో, ఆ పిల్ల నిన్నటిదాక తాగింది గదరా. నేనే బలిమికి పోసిన. ఆమెకేమన్న అయితే?"

కొంగు బిగించుకుని గబగబా చేనికొచ్చింది, వెనకే ప్రవీణ్ కూడా. నిషిత భయంభయంగా లేచి నిలబడింది. రాజవ్వ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"కడుపుల మంచిగుందా బిడ్డా?"

"మంచిగనే ఉంది అమ్మా. నన్ను తిడతరనుకున్న."

"తిట్టుడేంది? ఉన్నదున్నట్టు రాయి. నా కూర అమ్ముడుపోకున్నా మంచిదే, ఇంకొకరి కడుపులకు పోవద్దు." ఆమె చేనంతా ఓసారి చూసింది. "మంచినీళ్లు ఏడన్న ఉన్నయేమో జెర సూడరాదు."

"ఆ ఎత్తు మీద చూస్త. ఇంకో వారం పడ్తదేమో."

"వారమేంది, నెల పట్టనియ్యి." రాజవ్వ కళ్లు తుడుచుకుని కొడుకు వైపు చూసింది. "వీడు నిద్రబోకుంట నీ ఎనక ఎందుకు తిరుగుతుండో నాకెరుకలేదనుకుంటుండు. నీకిష్టమేనా బిడ్డా?"

ప్రవీణ్ నేల చూపులు చూశాడు.

"ఇష్టమే అమ్మా," అంది నిషిత. ఆ వెంటనే, ఏమీ జరగనట్టు, "ప్రవీణ్, సుత్తె తీసుకొని రా, ఎత్తు మీదికి పోదాం," అంది.

అతను సుత్తె సంగతే మరిచి ఆమె పక్కన నడిచాడు. రాజవ్వే దాన్ని భుజాన వేసుకుని వాళ్ల వెనక బయల్దేరింది.