అరవై ఒక్క ప్రశ్నలు

నలభై మూడో పేజీ లేచింది. సత్యవేణి తెర మీంచి చూపు తిప్పకుండానే నలభై నాలుగో దాన్ని తోడడానికి పఠనసూది దింపింది.

తుడిపేస్తే పోతుందనుకుంటారు జనం. వెర్రి జనం! తుడుపుమీట విషయసూచికనే చింపుతుంది. పేజీలు మాత్రం వాటి మానాన అవి పడి ఉంటాయి, వాటి మీద ఇంకేదైనా రాసేదాకా. వాటిని ఏరి, తేదీలు కుట్టి, తూనిక అనే యంత్రానికి అందించడమే కాకినాడ జాడశాలలో పదకొండేళ్లుగా జాడకర్త సత్యవేణి పని. ఎవరు ఏం వెతికారో చదివి తూనిక వాళ్ల తీరు తేలుస్తుంది. తీరుపత్రం లేనిదే బస్సు తోలడానికి లేదు, సూదిమందు వెయ్యడానికి లేదు. తన బల్ల మీదికొచ్చిన కంప్యూటర్ ఏదీ నోరు విప్పకుండా పోలేదని సత్యవేణి చెప్పుకుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇవాళ్టి కంప్యూటర్ నూకరత్నానిది. రేవులో ఇరవై ఏళ్లుగా సముద్రపు గేటు ఎత్తి దించే మనిషి. పత్రం తిరగరాయించుకోవాలి. బ్రౌజర్ చరిత్రలో తుడుపులు కనిపించాయని పిలిపించారు. ఎదురుగా కూర్చుని ఉంది.

"అరవై ఒకటి. అన్నీ వచ్చేశాయమ్మా," అంది సత్యవేణి.

"గట్టోరేనండి మీరు," అంది నూకరత్నం. ఆ మెచ్చుకోలులో సంతోషం లేదు.

నెల తప్పితే ఏం తినాలి? ప్రొస్టేట్ వాపుకు ఆపరేషన్ తప్పదా? మొగుడు కొడితే ఎవరికి చెప్పాలి? పెళ్లాం కొడితే ఎవరికి చెప్పాలి? బతకాలని లేకపోతే ఎవరితో మాట్లాడాలి? తూనిక అరవై ఒకటీ చదివి ఎర్రగా తేల్చింది: అస్థిరం. గేటుకు పనికిరాదు.

సత్యవేణికి నవ్వాగలేదు. "ఏమ్మా, నెల తప్పిందీ మీకే, ప్రొస్టేటూ మీకేనా?"

"ఆయ్, మా పేటంతా నా దగ్గరే అడుగుద్దండి. ఎవరి నంబరు మీద ఆళ్లడిగితే ఆళ్ల పత్రాలు ఉంటాయేంటండి? వత్తారు, అడుగుతారు, చదూకుంటారు. ఆళ్లటు ఎల్లగానే నేను తుడిపేత్తాను."

"అయితే పేర్లు చెప్పండి. ఏ పేజీ ఎవరిదో పక్కన రాసేస్తాను. మీ పత్రం మీకొస్తుంది."

"ఆళ్లవి పోతాయి కదండి?"

"పోతాయి."

"మరింకేటండి! నమ్మి నా గడప తొక్కినోళ్లు. చచ్చినా చెప్పను. గేటు పోతే పోనీండి," అంటూనే నూకరత్నం కొంగుతో కళ్లొత్తుకుంది. గేటంటే ఆమెకు ప్రాణం.

సత్యవేణి పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. ఇరవై తొమ్మిదో దాని దగ్గర చెయ్యి ఆగింది. రొమ్ములో గడ్డ నొప్పి లేకపోతే ప్రమాదమా?

మూణ్ణెల్ల నుంచి తనకూ ఉంది. ఇంతవరకు ఎక్కడా అడగలేదు. అడిగితే జాడశాలలో సీటు ఉండదు. తుడిచినా తోడేవాళ్లు పక్క బల్లల్లోనే ఉన్నారు. ఇన్నాళ్లూ పని ఒత్తిడి అని సరిపెట్టుకుంది గానీ, అది భయమే. ఒళ్లంతా భయమే. ఆ వెనకే ఈ జాడశాల మీద కోపమూ వచ్చింది. ఈమె ఇల్లెక్కడో తెలిసుంటే తనూ వెళ్లి ఆ గుమ్మంలో కూర్చునేది.

'అడిగినవారు' అన్న గడిలో సత్యవేణి తన నంబరు కొట్టింది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అరవై ఒక్క చోట్లా.

నూకరత్నం లేచి తెరలోకి తొంగి చూసింది. "అదేటండీ! ప్రొస్టేటు కూడానా?"

"అదీ నాదే. తూనికకు నవ్వు రాదమ్మా."

రాలేదు. ఒక్క క్షణంలో తేల్చేసింది: జాడకర్త అస్థిరం. ఈమె తోడిన పేజీలేవీ చెల్లవు. వాటి మీద తేల్చిన తీర్పులేవీ చెల్లవు. పాత పత్రాలు యథాతథం.

పక్క బల్లల మీద తెరలన్నీ ఆగిపోయాయి. పర్యవేక్షకుడు నాగభూషణం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేశారండీ! పదకొండేళ్ల తీర్పులు, ముప్పై తొమ్మిది వేలు, వెనక్కొచ్చి పడ్డాయి. సూది ఒకసారి దిగితే పేజీ చెడిపోతుంది, మళ్లీ తోడడానికి కూడా లేదు. వేలు జారిందని రాసివ్వండి, సర్దేద్దాం."

"జారలేదండి," అంది సత్యవేణి. "ఈవిడ గేటు ఈవిడకుంది కదా?"

"ఈవిడదేంటండీ, మీరు ఆపేసిన ప్రతివాడిదీ వాడికుంది!"

సత్యవేణి తన బల్ల మీది కీబోర్డు దగ్గరకు లాక్కుంది. గదిలో అందరూ చూస్తుండగా, తన నంబరు మీదే, ఆ గడ్డ సంగతి మొదటి నుంచి అడిగింది. జవాబు వచ్చింది. తనూ నూకరత్నమూ పక్కపక్కన నిలబడి చదివారు. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోవాలని ఉంది.

నూకరత్నం చెయ్యి అలవాటుకొద్దీ తుడుపుమీట మీదికి పోయింది. "తుడిపెయ్యమంటారా అండి?"

"వద్దక్కా," అంది సత్యవేణి. "ఉండనీ."