నెక్స్ట్ అని రాసిన సాయంత్రం

మెదక్‌లో చర్చి వెనక వీధిలో, దానమ్మ ఆంటీ వాళ్ల మేడ మీద గదిలో నేను ఒక్కదాన్నే కిరాయికి ఉంటాను. హైదరాబాద్ కంపెనీకి గదిలోంచే పని. కొన్ని రోజులైతే సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడదు. పొద్దుగూకే వేళకు మా కంపెనీలోనే పనిచేసే ప్రవీణన్న ఫోన్ చేస్తాడు. జావాస్క్రిప్ట్‌లో సర్వర్ రాయడం నాకు నేర్పుతున్నది ఆయనే.

ఆ సాయంత్రం సన్నగా వాన. గది నిండా తడిసిన సున్నం వాసన.

"మిడిల్‌వేర్ అంటే పరేషాన్ గాకు నిస్సీ," అన్నాడు ప్రవీణన్న. "సర్వర్‌కు రిక్వెస్ట్ వస్తది గద, సీదా లోపటికి పోదు. నడుమ ఫంక్షన్లు ఉంటయి, ఒకదానెనుక ఒకటి. ఒకటేమో వచ్చినోళ్లు ఏమడిగిండ్రో తెర మీద చూపిస్తది. ఇంకోటి లాగిన్ చూస్తది. పని అయినంక ప్రతిదీ నెక్స్ట్‌ను పిలవాలె. గప్పుడే రిక్వెస్ట్ ముంగటికి పోతది."

"పిలవకపోతే అన్నా?"

"గాడనే నిలవడ్తది. జవాబు రాదు, వాపస్ పోదు. గట్లనే చూసుకుంట..."

లైన్ తెగింది. దాంతోపాటే కరెంటు, వైఫై. లాప్‌టాప్ వెలుగు ఒక్కటే మిగిలింది.

ఆయన చెప్పినట్టే రెండు ఫంక్షన్లు రాసి సర్వర్ నడిపించాను. ఇంకా బ్రౌజర్ తెరవనేలేదు, రిక్వెస్ట్ పంపనేలేదు. తెర మీద ఒక వరుస పడింది.

తిన్నవా

నేనే ఎక్కడో టైప్ చేశాననుకున్నాను. కానీ నెట్ లేదు. ఆ సర్వర్ నా లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. కోడ్ చూసుకున్నాను. మొదటి ఫంక్షన్‌లో నెక్స్ట్ రాయడం మరిచిపోయాను. అంటే ఆ వచ్చినదేదో అక్కడే నిలబడి ఉంది.

తిన్నవా నిస్సీ

మూసేయాల్సింది. నిజంగా మూసేయాల్సింది. కానీ ఆ మాట నన్ను ఎవరైనా అడిగి ఎంత కాలమైందో... చెయ్యి దానంతటదే కదిలింది.

నెక్స్ట్ అని రాసి, సర్వర్‌ను మళ్లీ నడిపించాను.

వెంటనే అది మళ్లీ వచ్చింది. మొదటి ఫంక్షన్ దాటింది. రెండోదాని దగ్గర ఆగిపోవాలి. లాగిన్ లేనివాళ్లను అది తిప్పి పంపుతుంది.

పేరు: నిస్సి. లాగిన్ సరే.

వాన ఆగినట్టుంది. చప్పుడే లేదు. తర్వాత... నా వెనక మంచం కిర్రుమంది. ఎవరో మెల్లగా కూర్చున్నట్టు. తడి జుట్టు వాసన. నా జుట్టు పొడిగానే ఉంది.

వెనక్కి తిరగలేదు. లాప్‌టాప్ అలాగే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. తడి మెట్ల మీద కాలు జారింది. పడ్డానో, లేచానో సరిగ్గా గుర్తులేదు. ఆంటీ తలుపు తట్టాను. కింద కూడా చీకటే. తలుపు సందులోంచి కొవ్వొత్తి వెలుగు.

"ఎవరు?" అంది లోపలినుంచి దానమ్మ ఆంటీ.

"నేనే ఆంటీ. నిస్సిని. జర తలుపు తియ్యుండ్రి."

లోపల కుర్చీ జరిగింది. ఆంటీ తలుపుకి దగ్గరగా వచ్చింది. ఆమె ఊపిరి వినిపిస్తోంది.

"నిస్సి ఇప్పుడే దిగొచ్చింది," అంది గుసగుసగా. "నా పక్కనే ఉన్నది. నువ్వెవరు బిడ్డా?"

తలుపు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాను.

అప్పుడు లోపలినుంచి నా గొంతు వినిపించింది. మెల్లగా, భయంభయంగా.

"తియ్యకుండ్రి ఆంటీ."