మూత విప్పని మరచెంబు

ప్యాసింజరు బండి దూసి స్టేషను వదిలిందో లేదో, నారాయణమ్మగారు వెదురుబుట్టలో చెయ్యి పెట్టి కెవ్వుమన్నారు.

"నా కాసులపేరు! మా అత్తగారిచ్చిన కాసులపేరు పోయిందర్రా!"

ఆవిడ నరసన్నపేటలో బట్టల వ్యాపారం చేసే ఇంటి పెద్దావిడ. విజయనగరంలో ఉన్న కూతురింటికి వెళుతున్నారు. తోడు వచ్చిన దేముడమ్మ ఆ ఇంటి పిల్లలందరినీ ఎత్తుకుని పెంచిన మనిషి. బుట్ట ఇద్దరి మధ్యే ఉంది. ఇలాంటప్పుడు లోకం వేలు ఎవరివైపు తిరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"దేముడూ, తీసుంటే ఇచ్చెయ్. లేకపోతే విజయనగరంలో దిగీదిగగానే పోలీసులకి అప్పజెప్పేస్తాను" అన్నారు నారాయణమ్మగారు, పెట్టెలోవాళ్ళంతా వింటుండగా.

దేముడమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "నానెందుకు తీస్తానమ్మా? ఇన్నాళ్ళూ మీ గడపలోనే ఉన్నాను కదా. ఏటమ్మా ఆ మాట?"

"అమ్మా, విజయనగరం ఇంకా దూరముంది. పోలీసులకన్నా ముందు నన్ను చూడనివ్వండి" అన్నాడు ఎదుటి బల్ల మీది భీమశంకరరావు. ప్రైవేటు డిటెక్టివుగా విజయనగరంలో అతని పేరు తెలియనివాళ్ళు తక్కువ. పలాసలో ఒక కేసు ముగించుకుని ఇంటికి వెళుతున్నాడు. పక్కనున్న అసిస్టెంటు లక్ష్మణరావుకైతే గురువుగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం కనిపిస్తుంది.

కానీ ఆ పూట లక్ష్మణరావు చిన్నబోయి ఉన్నాడు. ఆమదాలవలసకు ముందు మరుగుదొడ్డికి వెళ్ళి, కుళాయిలో చుక్క నీరు రాక, పరుగున వెనక్కి వచ్చి చెంబు పట్టుకెళ్ళాడు. "పలాస నుంచీ అంతేనండి. చెంబు లేందే ఆ గదిలో పనవదు" అని నెల్లిమర్ల జూటుమిల్లు గుమాస్తా గణపతిరావు అంటే, అందరూ నవ్వారు.

"నగ చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?" అడిగాడు భీమశంకరరావు.

"ఆమదాలవలసలో పులిహోర తీసినప్పుడు సేతికి తగిలింది బాబూ. ఆ తరవాత నాగావళి వచ్చింది. కిటికీ దగ్గరకెళ్ళి దండం పెట్టుకున్నాం" అన్నారు నారాయణమ్మగారు.

బండి నది దాటుతుంటే పెట్టె పెట్టంతా కిటికీలకు ఎగబడి, కానీయో అణాయో నీళ్ళలో వేసి చేతులు జోడించడం మామూలే. బుట్టకు అందరి వీపులూ తిరిగిన సమయం అదొక్కటే. దూసిలో ఈ పెట్టెలోంచి ఎవరూ దిగలేదు.

"ముందు లేవమన్నదెవరు?"

"ఈ జగన్నాధం బాబే. 'నాగావళమ్మ వస్తన్నాది, లెగండి పిన్నీ' అన్నాడు. మంచి భక్తిపరుడు."

బండిలోనే పరిచయమైన జగన్నాధం నుదుట నిలువు బొట్టుతో, ఇస్త్రీ చొక్కాతో పెళ్ళిపెద్దలా కూర్చున్నాడు. పక్కన మూత బిగించిన ఇత్తడి మరచెంబు తళతళలాడుతోంది.

"మీరూ దండం పెట్టుకున్నారా?"

"లేదండి. సరిగ్గా అప్పుడే కడుపులో తిప్పేసింది. మరుగుదొడ్డికి ఎల్లొచ్చాను. వచ్చేసరికి దూసి వచ్చేసింది."

"అవునండి" అన్నాడు గణపతిరావు. "వంతెన దాటాక ఈయన చెంబు దొర్లిపోబోతే నేనే పట్టుకున్నాను. అప్పటికి ఈయన లేరు."

"చెంబులో నీళ్ళున్నాయా?"

"నిండా ఉన్నాయండి. పలాసలో పట్టేను" అన్నాడు జగన్నాధం.

భీమశంకరరావు సంచిలోంచి పొట్లం తీసి, పలాసలో కొన్న కారం జీడిపప్పు అందరికీ పంచాడు. దొంగను పట్టుకోమంటే పేరంటం చేస్తాడేమిటని లక్ష్మణరావు తెల్లబోయాడు. కారం నషాళానికి అంటింది. ఎవరి నీళ్ళు వాళ్ళు తాగారు. జగన్నాధం మాత్రం దగ్గుతూ, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ ఓర్చుకున్నాడు. పొందూరులో బండి ఆగగానే నీళ్ళ బకెట్టువాణ్ణి కేకేసి, కిటికీలోంచి దోసిలి పట్టి గటగటా తాగాడు.

భీమశంకరరావు మీసం చాటున నవ్వుకున్నాడు.

చీపురుపల్లి దాటాక అందరినీ దగ్గరకు పిలిచి కూర్చోబెట్టాడు.

"దొంగ దేముడమ్మ కాదు. జగన్నాధంగారూ, నాగావళమ్మ వస్తోందని అందరినీ లేపి, మీరు మాత్రం ఆ తల్లి నెత్తిమీద మరుగుదొడ్డిలో కూర్చున్నారా? మన వైపు భక్తి లేనివాడైనా వంతెన దాటేదాకా ఆగుతాడు."

"శివ శివ!" అని నారాయణమ్మగారు చెవులు మూసుకున్నారు.

"సరే, కడుపు మాట వినలేదనుకుందాం. కుళాయిలో చుక్క లేదు. మీ చెంబు గణపతిరావుగారి చేతిలో ఉంది. మరి పని ఎలా కానిచ్చారు?"

పెట్టంతా గొల్లున నవ్వింది. జగన్నాధం నవ్వలేదు.

"మీరు లోపలికి వెళ్ళనే లేదు. అందరూ దండం పెడుతుంటే నగ తీసి చెంబులో వేసి, వెతికినా ఒంటి మీద ఏమీ దొరక్కుండా తలుపు దగ్గర నిలబడ్డారు. చెంబు నిండా నీళ్ళన్నారు. నోరు మండిపోతున్నా మూత తియ్యలేదు. నిండుకుండ తొణకదంటారు గాని, ఈ కుదుపులకు నీళ్ళ చెంబు కాస్తయినా గళగళమనాలి. ఇది ఒక్కసారీ అనలేదు."

జగన్నాధం చెయ్యి చెంబు మీదకు దూకింది. లక్ష్మణరావు అంతకన్నా ముందే లాక్కుని మూత విప్పాడు. లోపల తడే లేదు. కుక్కిన రుమాలు లాగితే దానివెంట కాసులపేరు జారి పడింది.

"బుద్ధి గడ్డి తిన్నాది పిన్నీ, ఒగ్గీండి" అని జగన్నాధం కాళ్ళ మీద పడ్డాడు. నెల్లిమర్లలో అతన్ని రైల్వే పోలీసుకు అప్పజెప్పారు.

"గురువుగారూ, నేను చెంబు మరిచిపోబట్టే కదా కేసు తేలింది?" అన్నాడు లక్ష్మణరావు.

"అవునోయ్. ఇకనుంచి ప్రతి కేసులోనూ మరిచిపో" అన్నాడు భీమశంకరరావు.

విజయనగరంలో దిగాక దేముడమ్మ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. తన మూట నేలమీద పెట్టి ముడి విప్పింది. ఒక చీర, రవిక, పిల్లల కోసం తెచ్చిన జంతికలు.

"సూసెయ్యండమ్మా. ఒకపాలి సూసేస్తే మీ మనసు కుదుటపడతాది."

నారాయణమ్మగారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ప్లాట్‌ఫారం మీదే చతికిలబడి, జంతికలు సర్ది, మూట ముడివేసి, చంకనెత్తుకుని లేచారు.

"అయ్యో, ఇటిచ్చీండమ్మా. జనం సూస్తన్నారు."

"సూడనీయే. నిన్ను దొంగన్నప్పుడూ సూసేరు కదా" అన్నారు నారాయణమ్మగారు. "నువ్వు ముందు నడు."

దేముడమ్మ కళ్ళు తుడుచుకుని ముందు నడిచింది.